గుడి మైకులో నా గొంతు

నాకు నోరెక్కువ. ఇది మా అమ్మ అనే మాట, మా హాస్టల్ వార్డెన్ అనే మాట, నేనూ ఒప్పుకునే మాట. వైద్య విద్యార్థుల మనసు బాగోగులు చూసే ఫోన్ యాప్ ఒకటి తయారుచేస్తాం, విద్యార్థుల్నే పక్కన కూర్చోబెట్టుకుని చేస్తాం అంటూ హైదరాబాదు కంపెనీవాళ్ళు ఏలూరు పక్కనున్న మా కాలేజీకి వచ్చినప్పుడు, మా సైకియాట్రీ మేడం ఆరుగురిని ఎంపిక చేశారు. మొదటి పేరు నాదే. "ఆ పిల్ల ఊరుకోదండీ, తప్పుంటే మొహం మీదే చెప్తుంది" అన్నారట. ఆ మాట అన్నందుకు ఆవిడ తర్వాత ఎన్నిసార్లు నాలిక కరుచుకున్నారో నాకు తెలియదు.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. అప్పటికి నాలుగు నెలలుగా నేను మాత్రలు వేసుకుంటున్నాను. రెండో సంవత్సరం చివర్లో నాకు చదువు మీదే కాదు, ఏ పని మీదా మనసు నిలవడం మానేసింది. పొద్దున తెరిచిన పేజీ మధ్యాహ్నానికీ అదే పేజీ. మెస్సులో కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచేదాన్ని. వార్డులో పేషెంటు "మీకు ఒంట్లో బాలేదామ్మా" అని నన్నే అడిగిన రోజు కూడా ఉంది. పాఠం నాకూ తెలుసు, జబ్బు పేరూ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా.

మా మేడం దగ్గరికే వెళ్ళొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. నాకు మార్కులు వేసే మనిషి ముందు కూర్చుని నేను ఏడవలేను. అందుకని ఆదివారాలు బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి అక్కడ ఒక డాక్టరుగారికి చూపించుకునేదాన్ని. ఆ బస్సు గుండుగొలను మీదుగానే పోతుంది. అక్కడ దిగితే మా ఊరు కూతవేటు దూరం. గుండుగొలనులో బస్సు ఆగినప్పుడల్లా తల మీదకి చున్నీ లాక్కుని, నిద్రపోతున్నట్టు నటించేదాన్ని. మా ఊళ్ళో రామాలయం పూజారిగారి అమ్మాయి అంటే నన్ను గుర్తుపట్టని మనిషి ఉండడు మరి.

కంపెనీవాళ్ళు మొదటి రోజు చూపించిన యాప్ చూసి మాకు నవ్వు ఆగలేదు. నవ్వే సూర్యుడు, గాలి పీల్చే తిమింగలం. మనసు శాంతించడానికి వాన చప్పుడు. మా ఆరుగురిలో కొల్లేటి లంక ఊరి అమ్మాయి ఒకతి ఉంది, మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉంటుంది, అంత పొదుపు. అది చెయ్యెత్తింది. "ఈ వాన చప్పుడు తీసెయ్యండి సార్. వాన గట్టిగా కురిస్తే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదండీ. బియ్యం బస్తా అటక మీదకి ఎక్కిస్తాం" అంది. ప్రాజెక్టు చూసే అతను ముందు నవ్వాడు, తర్వాత రాసుకున్నాడు. ఆ రోజు నాకు అతని మీద గౌరవం కలిగింది. వింటున్నాడు కదా అనుకున్నాను.

తర్వాత తెలుగు పని నా మెడకు చుట్టారు. "మీరు నిస్సహాయతను అనుభూతి చెందుతున్నారా" అని ఉంది అందులో. మా వైపు ఎవరు అలా మాట్లాడతారు? "ఏమీ తోచక ఊరికే కూర్చుండిపోతున్నారా" అని మార్చాను. "గుండె బరువుగా ఉంటోందా", "ఎవరైనా పలకరిస్తే చిరాకొస్తోందా" అని ఒక్కో ప్రశ్నా మాట్లాడుకునే భాషలోకి దించాను. మేడం మెచ్చుకున్నారు. నేను రాస్తున్నది నా సంగతేనని ఎవరికీ అనుమానం రాలేదు. నా బాధ ఒక పనికొచ్చిందన్న సంతోషం మాత్రం నాకు దక్కింది, అబద్ధం ఎందుకు.

చివర్లో గొంతు కావాలన్నారు. "మీ గోదావరి గొంతు మెత్తగా ఉందండీ, మీరే చదవండి" అన్నాడు అతను. ఏసీ గదిలో కూర్చోబెట్టి ఇరవై ముప్ఫై వాక్యాలు చదివించారు. నీళ్ళు తాగండి, కాసేపు నడవండి వంటివి ఎక్కువ. ఒకటి మాత్రం వేరే రకం. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం అనిపిస్తే వాళ్ళు నమ్మే మనిషికి ఫోన్ వెళ్తుందట, ఆ ఫోనులో వినిపించే మాట అది. అదీ చదివాను. ఫోన్ చేసే ముందు ఆ పిల్లనో పిల్లాణ్నో అడుగుతారు కదా అనుకున్నాను. అడగాలని ఎవరికైనా తట్టదా అనుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. పక్కనే కూర్చుని ఆ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఇంత నోరుండి అక్కడే మూసుకున్నాను.

ఇంకో తప్పు మేమందరం చేసింది. మన దేశంలో ఏ ఫారం ఇచ్చినా, ఫోన్ నంబరు అని గడి కనిపిస్తే మన చెయ్యి దానంతటదే తండ్రి నంబరు రాసేస్తుంది. స్కూల్లో చేరినప్పటి నుంచి అలవాటు. యాప్‌లో "మీరు నమ్మే మనిషి నంబరు" అని ఉంది. మా సెక్షన్ మొత్తం ఆలోచించకుండా నాన్నల నంబర్లు కొట్టేశాం. ఇంట్లో నాన్నతో పదిమాటలు మాట్లాడని వాళ్ళు కూడా అదే కొట్టారు.

పరీక్షగా వాడి చూడమని మా సెక్షన్ మొత్తానికీ ఇచ్చిన వారం అది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా. ఏది నొక్కితే ఎంత వస్తుందో, ఎంత దాటితే ఎర్రగీత పడుతుందో మాకు పరీక్షలో వచ్చే పాఠమే. సాయంత్రం మెస్సులో టిఫిను తింటూ మావాళ్ళు సున్నాలూ ఒకట్లూ టకటకా నొక్కేసి ఫోను పక్కన పడేశారు. "ఎందుకొచ్చిన గొడవే, అన్నీ సున్నాలే కొట్టు" అంది నా పక్కనున్నది. నేను కొట్టలేకపోయాను. ఆ ప్రశ్నలు నేను రాసినవి. నేనే అబద్ధం చెప్తే ఇక అవి ఎందుకు? ఉన్నదున్నట్టు నొక్కుతూ పోయాను. చచ్చిపోతే బాగుండని ఎప్పుడైనా అనిపించిందా అన్నది ఆఖరి ప్రశ్న. "కొన్ని రోజులు" అని నొక్కాను. అది నిజం. ఏడు నెలల క్రితంలా కాదు, కానీ కొన్ని రోజులు అనిపించేది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి మా ఊళ్ళో ఏం జరిగిందో నాకు మా అమ్మ చెప్పింది.

రామాలయంలో పొద్దున్నే పెట్టే సుప్రభాతం మా నాన్నగారి ఫోనులోంచే వస్తుంది. ఊళ్ళో కుర్రాళ్ళు చందాలు వేసుకుని కొత్త మైకుసెట్టు కొన్నారు, వైరు అక్కర్లేదు, ఫోనులో పాట పెడితే గోపురం పక్కనున్న మైకులో మోగుతుంది. పాట నడుస్తుండగా ఫోన్ వచ్చింది. నాన్నగారి చేతికి గంధం అంటుకుని ఉంది. ఎవరో అభిషేకం గురించి చేశారేమోనని మోచేత్తో అటూ ఇటూ జరిపి ఎత్తారు. అంతే, ఊరంతటికీ నా గొంతు వినిపించింది.

"నమస్కారమండీ. మిమ్మల్ని నమ్మి ఈ నంబరు ఇచ్చినవారు మనసు బాగోక చాలా ఇబ్బంది పడుతున్నారు. వారి ప్రాణానికి ప్రమాదం ఉండొచ్చు. దయచేసి వారిని ఒంటరిగా వదిలిపెట్టకండి."

మూడుసార్లు. మూడుసార్లు వినిపించేట్టు పెట్టారు, అర్థం కాకపోతే మళ్ళీ వినడానికట. నాన్నగారికి అది ఎలా ఆపాలో తెలియలేదు. పాలు పోయించుకుంటున్న ఆడవాళ్ళు, పొలానికి పోతున్నవాళ్ళు అందరూ నిలబడిపోయారట. నా పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. చిన్నప్పుడు అదే మైకులో ధనుర్మాసం అంతా పాశురాలు చదివిన గొంతు అది.

ఎనిమిదిన్నరకల్లా నాన్నగారు హాస్టల్ గేటు దగ్గర ఉన్నారు. నుదుటి మీద బొట్టు చెమటకి కారిపోయి ఉంది. చేతికి గంధం ఎండిపోయి ఉంది. చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సెక్కేశారు. నన్ను చూడగానే నా భుజాలు, చేతులు తడిమి చూసి, "తిన్నావా అమ్మా" అన్నారు.

"అది ఉత్తదే నాన్నగారూ. యాప్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి నొక్కాం. నిజం కాదు" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

కాసేపు నా మొహంలోకి చూసి తలూపారు. గుళ్ళో నైవేద్యం పెట్టలేదని వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ప్రశ్నల దగ్గర చెప్పలేకపోయిన అబద్ధం మా నాన్న దగ్గర చెప్పేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం మధ్యాహ్నానికి కోపంగా మారింది, మంచిదే అయింది.

ఊళ్ళో అమ్మ ఒక్కతే తట్టుకుంది అందర్నీ. దిష్టి తీయించమని ఒకరు, చదువు మాన్పించమని ఒకరు, తాయెత్తు కట్టించమని ఒకరు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెరిగిన మనిషి మా అమ్మ. ఆవిడ కడుపును ఊరి మధ్యలో ఎవరో చించి వెళ్ళిపోయారు, అదీ నా గొంతుతో.

వారం తిరక్కుండా కంపెనీవాళ్ళు సమావేశం పెట్టారు. తెర మీద మొదటి బొమ్మే నన్ను మండించింది. ఒక విద్యార్థిని ప్రాణం కాపాడాం అని, పక్కన అదే నవ్వే సూర్యుడు. తండ్రి రెండు గంటల్లోపు కాలేజీకి చేరుకున్నారు, పద్ధతి చక్కగా పనిచేసింది అని అతను చెప్తున్నాడు. వచ్చే నెల ప్రారంభోత్సవమట, పెద్దవాళ్ళు వస్తారట. ఆ యాప్‌ను విద్యార్థులతో కలిసి తయారుచేశామని ఒక కాగితం, దాని కింద మా ఆరుగురి సంతకాలు కావాలి. ఐదుగురు పెట్టేశారు. కాగితం నా దగ్గరికొచ్చింది.

"ఎప్పుడు నొక్కానో చూశారా సార్?" అన్నాను.

"సాయంత్రం టిఫిన్ టైములో" అన్నాడు.

"ఫోన్ ఎప్పుడు వెళ్ళింది?"

"పేరెంట్స్‌ని వేళకాని వేళ డిస్టర్బ్ చెయ్యకూడదని పొద్దున్న ఏడుకి పెట్టామండీ."

"ప్రాణాపాయం అన్నవాళ్ళు తెల్లారేదాకా ఆగారు. నన్ను అడగడానికి మాత్రం ఒక్క నిమిషం లేకపోయింది. నేను పెట్టను."

మేడం తల వంచుకున్నారు. ఆవిడకు అప్పుడు అర్థమైంది, ఆ విద్యార్థిని నేనేనని. అప్పటిదాకా పేరు ఆవిడకూ చెప్పలేదట.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. భయపడ్డ మనిషి. "రేపు ఎవరైనా ఏదైనా చేసుకుంటే, మీకు ముందే తెలిసి ఇంట్లో ఎందుకు చెప్పలేదని నన్ను నిలదీస్తారమ్మా. నేనేం చెప్పుకోవాలి?" అన్నారు. ఆ మాటలో న్యాయం లేదని నేను అనను. కానీ దాని వెనకాలే ఇంకో మాట వచ్చింది. "నువ్వు సంతకం పెట్టేస్తే ఇది పరీక్ష కోసం నొక్కిందే అని రాసుకుని వదిలేస్తాం. పెట్టనంటే, అది నిజమని అనుకోవాలి. నిజమైతే, నువ్వు బాగున్నావని సర్టిఫికెట్ వచ్చేదాకా వార్డుల్లోకి రానివ్వలేను. మీ నాన్నగారిని పిలిపిస్తాను, ఆయనతో మాట్లాడి నిర్ణయించుకో."

దీని అర్థం వైద్యం చదివేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. వార్డు లేకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే పరీక్ష లేదు, సంవత్సరం పోతుంది. ఒక్క సంతకం పెడితే నా జబ్బు ఉత్తదైపోతుంది. నేను మా నాన్నకి చెప్పిన అబద్ధమే, కాలేజీ ముద్రతో. ఆ రోజు నుంచే నన్ను వార్డులోకి రానివ్వలేదు. హాస్టల్ గదిలో కూర్చుని, పెట్టేస్తే పోలా అని నేనూ అనుకున్నాను. కొల్లేటి అమ్మాయి ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది. "నేనూ సున్నాలే కొట్టానే" అంది. "నాకు ఆర్నెల్లుగా నిద్ర లేదు. నీ ఫోను సంగతి విన్నాక ఇక జన్మలో చెప్పను ఎవరికీ." అంతే అంది, లేచి వెళ్ళిపోయింది. ఇక పెట్టకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నాన్నగారు వచ్చిన రోజు ఆ గదిలో ఏం జరిగిందో చెప్పబోయే ముందు, తర్వాతి సంగతి చెప్పేస్తాను, ఎవరికీ కంగారు ఉండకుండా. ప్రారంభోత్సవం వాయిదా పడింది. కొల్లేటి అమ్మాయి వెళ్ళి తన సంతకం మీద అడ్డగీత గీసేసి వచ్చింది, తర్వాత ఇంకో ఇద్దరు. మేడం కంపెనీతో గట్టిగా పోట్లాడారని విన్నాను. ఇప్పుడు ఆ యాప్‌లో ఎర్రగీత దాటితే వెంటనే, మర్నాటి దాకా ఆగకుండా, "ఎవరికి చెప్పమంటారు?" అని అడుగుతుంది. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, ఎవరైనా సరే. ఎవరికీ వద్దంటే మా కాలేజీకి సంబంధం లేని ఒక డాక్టరు అప్పటికప్పుడే ఫోన్ చేసి మాట్లాడతారు, మాట్లాడుతూనే ఉంటారు. నా గొంతు తీసేశారు. కాగితం మీద నా పేరు లేదు. పోయిన వార్డు రోజులు సెలవుల్లో పూర్తిచేసుకున్నాను, పరీక్ష రాశాను, ఇప్పుడు హౌస్ సర్జన్‌ని. "ఎవరికి చెప్పమంటారు" అన్న ఆ ప్రశ్న మాత్రం నాదే. ఎవడు కాదన్నా నాదే.

ఇక ఆ రోజు. ప్రిన్సిపాల్ గారి గదిలో నాన్నగారు కుర్చీ అంచున కూర్చున్నారు, కండువా ఒళ్ళో పెట్టుకుని. ఎదురుగా ప్రిన్సిపాల్ గారు, మేడం, కంపెనీ అతను. బల్ల మీద కాగితం.

"మీ అమ్మాయికి మీరే కాస్త చెప్పండి పంతులుగారూ" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "పరీక్ష కోసం నొక్కానని తనే చెప్పిందని మీరు ఫోనులో అన్నారు కదా. అదే మాట మాకూ రాసిచ్చి, ఈ సంతకం పెట్టేస్తే అయిపోతుంది."

నాన్నగారు నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను.

"మీతో అబద్ధం చెప్పాను నాన్నగారూ. నేను నొక్కింది నిజమే. ఏడు నెలలుగా నాకు బాలేదు. తాడేపల్లిగూడెంలో డాక్టరుగారికి చూపించుకుంటున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను. ఇప్పుడు చాలా నయం. సార్, మీరు ఆపేదాకా ఈ ఏడు నెలల్లో ఒక్క వార్డు మానలేదు నేను, రిజిస్టరు తెప్పించి చూడండి. మా డాక్టరుగారి చీటీ కావాలంటే తెచ్చిస్తాను, దాచుకునేదేం లేదు. కానీ ఇది ఉత్తదే అని మాత్రం రాయను. మా సెక్షన్ లెక్కలు చూశారా? అన్నీ సున్నాలే. అంత సుఖంగా ఉన్నామా మేం? నిజం చెప్పినదాన్ని నేనొక్కదాన్ని. నన్ను ఊరి మైకులో పెట్టి, వార్డులోంచి గెంటేశారు. ఇక ఈ కాలేజీలో ఎవరు చెప్తారు సార్ నిజం? మీరు అడక్కుండా ఇంటికి ఫోన్ చేసినన్నాళ్ళూ మీకు సున్నాలే వస్తాయి. సున్నాలు కొట్టి ఎవరైనా పోతే అప్పుడేం చెప్పుకుంటారు?"

నాన్నగారు కండువా మడత విప్పి మళ్ళీ మడిచారు. ఆయన గొంతు పెంచి మాట్లాడడం నేను పుట్టాక వినలేదు. అప్పుడూ పెంచలేదు.

"ఏవండీ ప్రిన్సిపాల్ గారూ," అన్నారు, "ఆ రోజు మైకులో వినిపించింది మా అమ్మాయి గొంతేనండి. కానీ మాట్లాడింది అది కాదు. నాకు ఎంత భయమేసిందంటే, దారి పొడుగునా అది బతికుందో లేదో తెలియకుండా వచ్చానండి. ఇవాళ అదే మాట తన నోటితో చెప్పింది. ఇవాళ నాకు భయం వెయ్యలేదండి. మీరు ఆ నంబరు తీసేయండి. నాకు చెప్పాలనుకుంటే మా అమ్మాయికి నా నంబరు తెలుసు."

లేచి నిలబడి, ఆ ముగ్గురి ఎదురుగా, గొంతు తగ్గించకుండా నన్ను అడిగారు.

"మాత్ర అన్నానికి ముందా అమ్మా, తర్వాతా?"

"తర్వాతే నాన్నగారూ."

"అయితే పద. పన్నెండు దాటింది."